లెగసోవ్ చెప్పిన సగం, సర్కారు దాచిన సగం

2019ల ‘చెర్నోబిల్’ అని ఒక సీరియల్ వచ్చింది. మన పోరగాండ్లు చాలమంది ఫోన్లనే చూసిండ్రు. దాంట్ల కండ్లద్దాలు పెట్టుకున్న ఒక సైంటిస్టు కోర్టుల నిలబడి, సర్కారు మొకం మీదనే ఉన్నదున్నట్టు చెప్తడు. ఆయన పేరు వాలెరీ లెగసోవ్. సీరియల్ చూసినోళ్లకు ఆయనంటే మస్తు పావురం. నాకు గూడ ఇష్టమే.

కానీ ఒక ముచ్చట సాఫ్ చేసుకోవాలె. లెగసోవ్ ఆ కోర్టుకు పోనే లేదు. 1987 జులైల చెర్నోబిల్ ఊర్ల విచారణ జరిగినప్పుడు ఆయన సాక్షిగ నిలబడలేదు. సీరియల్ల చూపెట్టినట్టు పిల్లితోటి ఒంటరిగ గూడ బతకలేదు. భార్య ఉండె, ఒక బిడ్డ, ఒక కొడుకు ఉండిరి. ఆయన దునియ ముందట నిజం చెప్పింది వేరే జాగల, వేరే తీరుగ. అదీ సగమే చెప్పిండు. మిగిలిన సగం ఎందుకు ఆగింది, అది ఆగితే ఎవలకు నష్టమైంది అనేదే ఇయ్యాల్టి ముచ్చట. ఆయనను దేవున్ని చేస్తే మనకొచ్చే లాభం లేదు. ఆయన ఎక్కడ చెప్పిండు, ఎక్కడ ఆగిండు అని చూస్తే మనకు పనికొచ్చేది దొరుకుతది.

మ్యాపుల లేని ఊర్ల మొదటి కొలువు

లెగసోవ్ 1936 సెప్టెంబర్ 1న రష్యాల తూలా అనే పట్నంల పుట్టిండు. మాస్కోల మెండెలీవ్ కెమికల్ టెక్నాలజీ ఇనిస్టిట్యూట్ల చదివిండు. 1961ల చదువు అయిపోయినంక సైబీరియాల తోమ్‌స్క్-7 అనే ఊరికి కొలువుకు పోయిండు. ఆ ఊరు మ్యాపుల కనపడేది కాదు. చుట్టూ కంచె, పర్మిషన్ లేకుంట ఎవ్వరు లోపలికి పోరాదు. అణుబాంబులకు కావాల్సిన ప్లుటోనియం అక్కడ తయారయ్యేది. అంటే ఆయన బతుకుల మొదటి కొలువే గుట్టు కాపాడే కొలువు.

కొన్నేండ్లకు మాస్కోకు మళ్లచ్చి కుర్చతోవ్ ఇనిస్టిట్యూట్ల చేరిండు. సోవియట్ దేశంల అణు పరిశోధనకు అదే పెద్దిల్లు. లెగసోవ్ కెమిస్ట్రీ మనిషి. ఫ్లోరిన్ మీద, ఏ పదార్థంతోటి కలవని జడ వాయువులను కలిపి కొత్త పదార్థాలు చేసుడు మీద పని చేసి పేరు తెచ్చుకున్నడు. 1981ల సైన్సెస్ అకాడమీల పూర్తి సభ్యుడైండు. 1983ల కుర్చతోవ్ ఇనిస్టిట్యూట్‌కు మొదటి డిప్యూటీ డైరెక్టరైండు. ఆయన మీద ఉన్న డైరెక్టర్ అనతోలీ అలెగ్జాండ్రోవ్. ఆ పెద్దాయన అప్పుడు మొత్తం దేశపు సైన్సెస్ అకాడమీకి గూడ ప్రెసిడెంటు.

ఈ అలెగ్జాండ్రోవ్ పేరు యాదిల పెట్టుకోండ్రి. ఎందుకంటే చెర్నోబిల్ల పేలిన రియాక్టర్ రకం ఆర్‌బీఎంకే. దానికి సైన్స్ దిక్కు నుంచి బాధ్యత కుర్చతోవ్ ఇనిస్టిట్యూట్‌ది, పెద్దగ దాని ఎనుక నిలబడ్డది అలెగ్జాండ్రోవ్. లెగసోవ్ రియాక్టర్ల మనిషి కాకపోయినా, ఆయన కూసున్న ఇల్లే ఆ రియాక్టర్ పుట్టినిల్లు.

పేలకముందే దాచిపెట్టినయ్

1986 రాత్రి ఒక్కటే తప్పు అనుకుంటం గానీ, అంతకుముందే వరుసగ ముచ్చట్లు జరిగినయ్. ఒక్కటి గూడ జనానికి చెప్పలే.

1957ల ఉరల్ గుట్టల దిక్కు మయాక్ అనే కేంద్రంల రేడియేషన్ చెత్త నింపిన ట్యాంకు పేలింది. ఊర్లకు ఊర్లు ఖాళీ చేయించిండ్రు. ఎందుకు ఖాళీ చేయిస్తున్నరో ఆ ఊరోళ్లకు చెప్పలే. సోవియట్ సర్కారు దాన్ని ఒప్పుకున్నది 1989ల. ముప్పై రెండేండ్లు నడుమల పోయినయ్.

1975ల లెనిన్‌గ్రాద్ అణు కేంద్రంల, చెర్నోబిల్ అసోంటి రియాక్టర్లనే, లోపలి ఇంధనం కొంత కరిగింది. 1982ల చెర్నోబిల్ మొదటి యూనిట్లనే ఒక ఇంధన గొట్టం పగిలింది. అదీ గుట్టే. 1983ల లిథువేనియాల ఇగ్నాలినా కేంద్రంల కొత్త రియాక్టర్ చాలు చేసేటప్పుడు అన్నిట్ల పెద్ద ముచ్చట బయటపడ్డది. అది బ్రేకు ముచ్చట.

రియాక్టర్ల మంట తగ్గించెటందుకు కంట్రోల్ రాడ్లుంటయ్. అవి బోరాన్ ఉన్న కడ్డీలు. అవి కిందికి దిగితే లోపలి అణు చర్య ఆగుతది. ఆపద వస్తే ఒక బటన్ ఒత్తితే అన్ని కడ్డీలు ఒక్కసారే దిగాలె. కానీ ఆర్‌బీఎంకేల ఆ కడ్డీల కింది దిక్కు గ్రాఫైట్ ముక్క ఉండె. కడ్డీలు పూర్తిగ పైకి గుంజి ఉన్నప్పుడు బటన్ ఒత్తితే, మొదట ఆ గ్రాఫైట్ దిగి కింద ఉన్న నీళ్లను పక్కకు నెడుతది. దాంతోటి కొన్ని సెకన్లు రియాక్టర్ కింది భాగంల పవర్ తగ్గుడు పోయి పెరుగుతది. ఘాట్ రోడ్డు మీద లారీ బ్రేకు తొక్కితే మొదలు జెరంత సేపు స్పీడు పెరిగినట్టు.

ఇది 1983ల నిపుణులకు తెలిసింది. కాయితాలు అటీటు తిరిగినయ్. కానీ రాత్రి డ్యూటీల బటన్ల ముందట కూసునే ఆపరేటర్లకు దాని ప్రమాదం ఎంతటిదో అర్థమయ్యేటట్టు ఎవ్వలు చెప్పలే. లారీ తోలేటోనికే బ్రేకు సంగతి ఎరుక లేదు.

1986 ఏప్రిల్ 26

ఆ రాత్రి నాలుగో యూనిట్ల ఒక పరీక్ష చేస్తున్నరు. దాన్ని పొద్దటి నుంచి వాయిదా ఏసుకుంట ఏసుకుంట రాత్రి షిఫ్టు నెత్తి మీద పెట్టిండ్రు. పవర్ బాగ తక్కువకు పడిపోయింది, దాన్ని ఎత్తెటందుకు కడ్డీలు చాల మటుకు పైకి గుంజిండ్రు. రాత్రి 1 గంట 23 నిమిషాలకు ఆపుడు బటన్ ఒత్తిండ్రు. సెకన్లల రియాక్టర్ పేలింది.

ఆ రోజు శనివారం. లెగసోవ్ మాస్కోల ఒక మీటింగుకు పోయిండు. అక్కడనే ఆయనకు ఖబర్ అందింది, సర్కారు కమిషన్ల ఆయన పేరు ఏసిండ్రు. ఉప ప్రధాని బోరిస్ షెర్బీనాతోటి విమానం ఎక్కిండు. అది దునియ అంత యాది పెట్టుకునే ముచ్చట అయితదని దారిపొంటి తనకు తట్టలేదని ఆయన తర్వాత చెప్పుకున్నడు. మాపటికి ప్రిప్యాత్ దగ్గరికి వచ్చేసరికి ఆకాశం ఎర్రగ కనపడ్డది.

ప్రిప్యాత్ చెర్నోబిల్ కార్మికుల కోసం కట్టిన పట్నం. రియాక్టర్ నుంచి మూడు కిలోమీటర్ల దూరం. 49 వేల మంది ఉందురు. ఆ శనివారం అంత పిల్లలు బయట ఆడుకున్నరు, పెండ్లిళ్లు గూడ అయినయ్. రాత్రి రియాక్టర్ పేలిందని, గాలిల రేడియేషన్ ఉన్నదని, కిటికీలు మూసుకొని ఇంట్ల ఉండుండ్రని ఒక్క మాట సక్కగ చెప్పినోడు లేడు. ఖాళీ చేయించాలని లెగసోవ్ అసోంటి సైంటిస్టులు పట్టుబట్టిండ్రు. తెల్లారి 27 నాడు పగటీలి రెండు గంటలకు బస్సులు కదిలినయ్. అప్పటికి ఒకటిన్నర దినం గడిచింది. మూడు రోజుల్ల మళ్ల వస్తరన్నట్టు చెప్పిండ్రు. సామాను, పెంచుకున్న కుక్కలు అన్ని ఇడిసిపెట్టి పోయిండ్రు. మళ్ల రాలే.

లెగసోవ్ సాయుధ బండిల రియాక్టర్ దగ్గరి దాక పోయి తానే కొలిచిండు. హెలికాప్టర్ల దాని మీద మళ్ల మళ్ల తిరిగిండు. మంట ఆపెటందుకు ఇసుక, బోరాన్, సీసం, సున్నపు జాతి రాయి పైనుంచి పోయించిండ్రు. మొత్తం 5 వేల టన్నుల దాక. దాంట్ల చాల మటుకు రియాక్టర్ గుంతల పడనే లేదని తర్వాత తేలింది. కానీ ఆ దినాలల్ల ఎనుకకు జరగకుంట నిలబడ్డోళ్లల్ల ఆయన ఒకడు. ఒంట్లకు రేడియేషన్ దండిగ పోయింది.

పాలు

బయటి దునియకు ఈ ఖబర్ మాస్కో చెప్పలే. ఏప్రిల్ 28 పొద్దుగాల స్వీడన్ల ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంల ఒక కార్మికుని బూట్లకు రేడియేషన్ అంటుకుందని మిషిన్లు మొత్తుకున్నయ్. ఎక్కడి నుంచి వచ్చిందని ఎతుక్కుంట పోతే గాలి సోవియట్ దిక్కు చూపెట్టింది. ఆ రాత్రి మాస్కో టీవీల నాలుగు ముక్కల చిన్న ఖబర్ చదివిండ్రు. మే 1 నాడు కీవ్‌ల పిల్లాజెల్లలతోటి ఊరేగింపు మాములుగనే తీసిండ్రు. గోర్బచెవ్ టీవీల మాట్లాడింది మే 14న.

ఈ ఆలస్యం ఖరీదు ఎవలు కట్టిండ్రో చెప్తె ఊర్లోళ్లకు తొందరగ అర్థమైతది. పేలినప్పుడు బయటపడ్డదాంట్ల అయోడిన్-131 ఒకటి. అది గడ్డి మీద పడుతది. గడ్డి ఆవు మేస్తది. ఆవు పాలల్లకు వస్తది. పాలు తాగిన పిల్లల గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథిల జమ అయితది. ఎనిమిది దినాలకు దాని బలం సగం పడిపోతది. అంటే కొన్ని వారాలు ఆ పాలు పిల్లలకు పొయ్యకుంటే చాల మటుకు తప్పించుకోవచ్చు. ఊర్లళ్ల సొంత ఆవు ఉన్న ఇండ్లల్ల ఆ మాట చెప్పేటోడు లేక పిల్లలు తాగుకుంటనే ఉన్నరు. 2005 నాటికి బెలారుస్, ఉక్రెయిన్, రష్యా పక్క జిల్లాలల్ల అప్పటి పిల్లలకు 6 వేలకు మించి థైరాయిడ్ క్యాన్సర్లు లెక్కకొచ్చినయ్. ఎక్కువ మంది వైద్యంతోటి బతికిండ్రు. కానీ ఆ రోగానికి పెద్ద కారణం పాలే, ఆ పాలను ఆపే ఖబరు మాత్రం దొడ్డి దాక రాలే.

వియన్నాల చెప్పినయ్, చెప్పనియ్

1986 ఆగస్టు 25న వియన్నాల, అంతర్జాతీయ అణు శక్తి సంస్థ మీటింగుల, లెగసోవ్ లేచి నిలబడ్డడు. ఐదు గంటలు చెప్పిండు. సోవియట్ మనిషి గింత విప్పి చెప్తడని అక్కడోళ్లు అనుకోలే. పరీక్ష ఎట్ల నడిచింది, ఆపరేటర్లు ఏ రూల్స్ తప్పిండ్రు, రేడియేషన్ ఎంత బయటకు పోయింది, అన్నీ లెక్కలతోటి పెట్టిండు. రియాక్టర్ డిజైన్ల లోపాలున్నయని గూడ కొంత ఒప్పుకున్నడు. పడమటి దేశాలోళ్లు మెచ్చుకున్నరు.

కానీ తప్పు బరువు ఎక్కువ ఆపరేటర్ల మీదనే పడ్డది. బ్రేకు కడ్డీల ముచ్చట, 1983ల ఇగ్నాలినాల తెలిసిన ముచ్చట, వియన్నాల రాలే. 1975, 1982 సంఘటనలు రాలే. ఆ యేడు జులైలనే సోవియట్ పెద్దల పొలిట్‌బ్యూరో మీటింగుల ఈ రియాక్టర్ డిజైన్ మీద గట్టిగ మాటలైనయ్. ఇంట్ల ఒకటి అనుకున్నరు, బయట ఒకటి చెప్పిండ్రు. మిగిలిన ఆర్‌బీఎంకేల బ్రేకులు మెల్లగ బాగు చేసుకుంటనే, కోర్టుల మాత్రం కేంద్రం డైరెక్టర్‌కు, చీఫ్ ఇంజనీర్‌కు, ఆయన డిప్యూటీకి పదేండ్ల చొప్పున జైలు ఏసిండ్రు. వాళ్ల తప్పులు వాళ్లయే. కానీ బ్రేకు చెడగొట్టి ఇచ్చినోళ్లు బోనుల లేరు.

లెగసోవ్ ఆ సగం ఎందుకు ఆపిండు? ఆయన పార్టీ మనిషి, సర్కారు పంపిన మనిషి. చదివిన రిపోర్టు సర్కారు సంతకం పడ్డ రిపోర్టు. మిగిలిన సగం చెప్పుడంటే సొంత ఇనిస్టిట్యూట్‌ను, సొంత డైరెక్టర్‌ను ఏలు పెట్టి చూపెట్టుడే. ఆయన జాగల మనముంటే ఏం చేస్తుంటిమో చెప్పుడు అల్కగ కాదు. కానీ ఆగింది ఆగిందే. చెప్పకుంట రాయలేను.

టేపులు

సగం చెప్పినందుకే ఆయనకు సుఖం లేదు. కమిషన్ల పనిచేసినోళ్లకు సోషలిస్ట్ లేబర్ హీరో బిరుదులు వస్తయనుకున్నరు, ఆయనకు రాలే. 1987ల సొంత ఇనిస్టిట్యూట్ల శాస్త్ర మండలికి ఎన్నిక పెడితే ఆయనకు 100 ఓట్లు పడ్డయ్, వ్యతిరేకంగ 129 పడ్డయ్. ఇంటోళ్లకు గుట్టు బయటేసిన మనిషైండు. పెయ్యి బాగ లేదు, మనసు అంతకంటె బాగ లేదు. రియాక్టర్ల భద్రతను వాటిని నడిపేటోళ్ల చేతుల్లకు ఇడిసిపెట్టద్దని, పని పద్ధతే మార్చాలని చెప్పుకుంట తిరిగిండు. ఇనేటోళ్లు తగ్గిండ్రు.

ఆ దినాలల్లనే టేప్ రికార్డర్ ముందట కూసొని యాదికొచ్చినయన్నీ చెప్పిండు. ఆ టేపులల్ల రెండు ముచ్చట్లు నా తలకాయలకెల్లి పోవు. ఒకటి, ఒక అణు కేంద్రం డైరెక్టర్ రియాక్టర్ అంటే చాయ కాచే సమోవార్ అసోంటిదే, భయమెందుకని అన్న ముచ్చట. ఇంకోటి, పేలుడుకు ముందు రాత్రి ఆపరేటర్ల ఫోన్ మాటలు. పరీక్ష కాయితంల కొన్ని లైన్లు కొట్టేసి ఉన్నయ్, ఏం చేయాల్నని ఒకడు అడిగితే, కొట్టేసిందే చెయ్యమని అవతలోడు జెరసేపు ఆలోచించి చెప్తడు. కొట్టేసింది ఎవలో, ఎందుకో ఆ ఇద్దరికి ఎరుక లేదు. గుట్టు మీద నడిచే కాడ పని చేసేటోళ్లు గూడ గుడ్డిగనే పని చేస్తరని ఈ ఒక్క ఫోన్‌కాల్ చెప్తది.

పేలుడు జరిగి రెండేండ్లు నిండిన తెల్లారి, 1988 ఏప్రిల్ 27న, లెగసోవ్ మాస్కోల తన ఇంట్ల ప్రాణం తీసుకున్నడు. 51 ఏండ్లు. దీన్ని గొప్ప త్యాగమని నేను రాయ. బతికుంటే మిగిలిన సగం తానే చెప్తుండె. మనసు అంతగ ఇరిగినోళ్లు మీ దోస్తులల్ల, ఇంట్ల ఎవలన్న ఉంటే పక్కన కూసోండ్రి, డాక్టర్ దగ్గరికి తోల్కపోండ్రి.

టేపులను ఎవలో చీకట్ల దాచినట్టు సీరియల్ల చూపెట్టిండ్రు గానీ, ఆయన పోయిన నెల తిరగకముందే, 1988 మే 20న, ఆయన చెప్పిన యాదిలల్ల కొన్ని భాగాలు ప్రావ్దా పేపర్ల అచ్చైనయ్. సోవియట్ పార్టీ సొంత పేపర్ అది. పేలుడుకు అసలు కారణాలల్ల బ్రేకు కడ్డీల లోపం, రియాక్టర్ డిజైన్ పెద్దవని అంతర్జాతీయ సంస్థ నిపుణులు 1992ల కొత్త రిపోర్టుల తేల్చిండ్రు. అంటే వియన్నాల ఆగిన సగం బయటికి వచ్చెటందుకు ఆరేండ్లు పట్టింది. 1996ల రష్యా ప్రెసిడెంట్ యెల్త్‌సిన్ లెగసోవ్‌కు దేశ హీరో బిరుదు ఇచ్చిండు. అప్పటికి మనిషి పోయి ఎనిమిదేండ్లు.

మన దిక్కు చూస్తె

గిదంత రష్యా ముచ్చట, మనకేందని అనుకోవద్దు. దేశంల అణు రియాక్టర్లకు పోయే ఇంధనం మన హైదరాబాద్ మౌలాలి దిక్కు 1971ల పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ల తయారైతది. నల్లమలల యురేనియం తవ్వుతరన్నప్పుడు అమ్రాబాద్ దిక్కు జనం రోడ్డెక్కిండ్రు, 2019 సెప్టెంబర్ల అసెంబ్లీ తీర్మానం చేసింది.

మన దేశంల 1962 అణు శక్తి చట్టం, అణు కేంద్రాల సమాచారం బయటికి పోకుంట ఆపే అధికారం సర్కారుకు ఇచ్చింది. భద్రత చూసే అణు శక్తి నియంత్రణ బోర్డును 1983ల పెట్టిండ్రు గానీ, పార్లమెంటు చట్టంతోటి కాదు, సర్కారు ఆర్డర్‌తోటి. రియాక్టర్లు కట్టే వ్యవస్థ ఎవల కింద ఉండెనో, ఈ బోర్డు గూడ వాళ్లకే లెక్క చెప్పాల్సి ఉండె. జీతగానితోటి దొర చేను లెక్క తీయించినట్టు. 1995ల ఈ బోర్డే, ఎ. గోపాలకృష్ణన్ చైర్మన్‌గ ఉన్నప్పుడు, మన అణు కేంద్రాలల్ల 130 దాక భద్రత సమస్యలున్నయని రిపోర్టు రాసింది. దాన్ని రహస్యం కింద పెట్టిండ్రు. జనానికి చూపెట్టుండ్రని పౌర హక్కులోళ్లు కోర్టుకు పోతే, 2004ల సుప్రీంకోర్టు గూడ సర్కారు దిక్కే చెప్పింది. 2012ల కాగ్ ఈ బోర్డుకు సొంత చట్టం, సొంత బలం లేవని తప్పు పట్టింది.

నేను చదువు మద్యల ఇడిసినోన్ని. మా దిక్కు ఒక కంపెనీ పక్కన బోర్లల్ల నీళ్లు రంగు మారితే, ఆ నీళ్ల పరీక్ష కాయితం కోసం ఒక ఆఫీసు సుట్టు యేడాది తిరిగిన. ఇస్తె జనం ఆగమైతరని అన్నరు. చెర్నోబిల్ల గూడ గదే మాట చెప్పి ఆపిండ్రు. పాలు తాగద్దంటే జనం ఆగమయ్యేటోళ్లు కాదు, పాలు పారబోసెటోళ్లు.

కొందరు అంటరు, అణు బాంబుల గుట్టు ఊరంత చెప్తరా అని. బాంబు ముచ్చట ఎవలు అడుగుతలేరు. బ్రేకు సక్కగ ఉన్నదా, నీళ్లల్ల ఏం కలిసింది, ఆపదొస్తె మా ఊరి బస్సు ఎక్కడ ఆగుతది, ఇవి అడుగుతున్నం. వీటిని చెప్తె శత్రువుకు వచ్చే లాభం లేదు. చెప్పకుంటె మనకొచ్చే నష్టం ఎంతనో ప్రిప్యాత్ చెప్పింది.

అందుకే మీ ఊరి పక్కన అణు కేంద్రం కానీ, మందుల కంపెనీ కానీ, గ్యాస్ గోదాం కానీ ఉంటే ఇప్పుడే అడుగుండ్రి. భోపాల్ తర్వాత 1989ల వచ్చిన ప్రమాదకర రసాయనాల రూల్స్ల, పెద్ద కంపెనీల బయట ఆపదొస్తె ఏం చేయాల్నో ప్లాన్ ఉండాలని, చుట్టుపక్కలోళ్లకు ముందే చెప్పాలని రాసి ఉన్నది. 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. పది రూపాయల దరఖాస్తు. భద్రత తనిఖీ ఎప్పుడైంది, ఏం తేలింది, మాక్ డ్రిల్ మా ఊర్ల ఎప్పుడు పెట్టిండ్రు అని రాసి పంపుండ్రి. ఇయ్యమంటే ఎందుకు ఇయ్యరో రాసియ్యమని మళ్ల అడుగుండ్రి. ఆ కాయితం గూడ దాచుకోండ్రి.

1983ల ఇగ్నాలినాల తెలిసిన సంగతి అందరికి తెల్వంగ అచ్చై ఉంటే, 1986ల ఆ రాత్రి బటన్ ముందట కూసున్నోళ్లు కడ్డీలన్నీ అంత పైకి గుంజకపోతుండిరేమో. ఆ మూడేండ్లల్ల అడిగేటోడు లేకుండె, అడిగే హక్కు లేకుండె. మనకు హక్కయితే ఉన్నది. దరఖాస్తు రాయుండ్రి.